గుట్టెక్కే కాలం

తిరుపతయ్యను కదిలిస్తే చాలు, గుట్టల ముచ్చట మొదలయ్యేది. "ఈ యేడు పైన గడ్డి ఎట్లున్నదే?" అని ఎవరైనా నోరుజారి అడిగారా, ఇక ఆ పూట చేయాల్సిన పని వాళ్లు మరిచిపోవాల్సిందే. గొంగడి భుజం మీద సర్దుకుని, కర్ర నేలకు ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకుని, ఏ వాగు ఏ నెలలో పారుతుందో, ఏ బండ మీద పాచి పడుతుందో, తేనెపట్లు ఎప్పుడు నిండుతాయో తీరిగ్గా చెప్పుకుపోయేవాడు. చెప్పినవన్నీ నిజాలే. గుట్టల గురించి ఆయన జీవితంలో ఒక్కటే అబద్ధం చెప్పాడు. అది బయట చెప్పలేదు, ఇంట్లో చెప్పాడు.

వాళ్లది మాడుగులపల్లికి కూతవేటు దూరంలో ఉన్న చిన్న ఊరు. తాతల నాటి నుంచి గొర్లు కాసుకుని బతికే ఇల్లు. తొలకరి పడి చేలల్లో విత్తనం వేశాక అక్కడ మందకు కాలు పెట్టే చోటు ఉండదు. నల్లరేగడి బురదలో గొర్ల గిట్టలు కుళ్లిపోతాయి. అందుకని ఆ చుట్టుపక్కల కాపరులంతా మందలు తోలుకుని హాలియా దాటి, కృష్ణకు ఈవలి ఒడ్డున ఉన్న నెమలిగుట్టలకు పోయేవాళ్లు. అక్కడ రాతినేల, నీళ్లకు కొదవ లేదు, అడిగేవాడు లేడు. దసరా దాటి పంటలు చేతికొచ్చే వేళకు దిగి వచ్చేవాళ్లు. అప్పుడు ఎరువు కోసం మా చేలో మంద పెట్టమంటే మా చేలో పెట్టమని రైతులు వెంటపడేవాళ్లు. ఏటా ఇదే వరస.

భార్య సత్తెమ్మకు గుట్టల పిచ్చి అంటించింది కూడా ఆయనే. పెళ్లయిన కొత్తలో, పిల్ల ముభావంగా ఉంటే, మాట కలపడానికి ఆయన దగ్గర వేరే సరుకు లేదు. నెమలిగుట్టల మీద ఏనుగుబండ అని ఒక పెద్ద బండ ఉందని, దాని మీద కూర్చుంటే కృష్ణ ఎక్కడ తిరిగి ఎక్కడ మాయమవుతుందో మొత్తం కనిపిస్తుందని చెప్పాడు. తోవ కూడా చెప్పాడు. హాలియా దాటాక జంట మోదుగులు, తర్వాత ఎర్రమట్టి వాగు, వాగు దాటి ఎడమ చేతి వైపు ఎక్కుడు. సత్తెమ్మ అన్నీ విని, ముఖం వెలిగిపోతుండగా, "నన్ను గూడ ఒకపారి తోలుకపోవా?" అంది.

"ఎందుకు?" అన్నాడు.

"ఊరికెనే. సూసొద్దామని."

తిరుపతయ్యకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో మొక్కు ఉంటే గుట్టెక్కేవాళ్లు, మంద ఉంటే ఎక్కేవాళ్లు, కట్టెలకూ తేనెకూ ఎక్కేవాళ్లు. ఊరికే చూసి రావడానికి గుట్టెక్కుతానన్న మనిషిని ఆయన అంతవరకు చూడలేదు. సరే చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాంలే ఎన్నేళ్లు సాగిందంటే, ఈలోగా కూతురు పుట్టి, పెరిగి, మోతెలో కాపురానికి కూడా వెళ్లింది.

సత్తెమ్మ గుర్తొచ్చినప్పుడల్లా అడిగేది. ఆయన దగ్గర ప్రతి కాలానికీ ఒక సాకు సిద్ధంగా ఉండేది. వానాకాలం అడిగితే జారుడు, వాగులు పొంగుతాయి అనేవాడు. చలికాలం అడిగితే మంచు, చలిజ్వరం పట్టుకుంటుంది అనేవాడు. ఎండాకాలం అడిగితే చెట్లకు ఆకు ఉండదు, చెలిమల్లో చుక్క ఉండదు అనేవాడు. "మనుషులు ఎక్కెటందుకు మంచి కాలం లేదే ఆ గుట్టలకు. అవి గొర్ల కొరకే పుట్టినయ్" అని తేల్చేశాడు. అదీ ఆయన చెప్పిన అబద్ధం.

ఎందుకు చెప్పాడంటే, భయపడి చెప్పాడు. కాపరుల్లో ముత్తయ్య అని ఒకడున్నాడు, నోరు మంచిది కాదు. వెనకెప్పుడో వేరే ఊరి కాపరి ఒకడు భార్యను వెంటబెట్టుకుని గుట్టకు వస్తే, ముత్తయ్య వాడిని ఆ కాలమంతా ఏడిపించాడు. మంద ముందు నడుస్తుందా, పెళ్లాం ముందు నడుస్తుందా అని కనిపించిన ప్రతివాడి ముందూ అడిగి వాడిని తలెత్తుకోనీయలేదు. ఆ నవ్వు తన మీద పడుతుందని తిరుపతయ్యకు బెదురు. చిరుత అరిస్తే బెదరని మనిషి, ముత్తయ్య నవ్వుకు బెదిరాడు.

సత్తెమ్మ మాత్రం ఆశ వదులుకోలేదు. దావీదు దగ్గర గట్టి తోలు చెప్పులు కుట్టించుకుంది. దావీదు ఆ ఊళ్లో చెప్పులు కుట్టేవాడు, ఆదివారం పూట ప్రార్థన కూడా చెప్పేవాడు. గుట్టెక్కడానికి అని ఆమె ముందే చెప్పడంతో అడుగున రెండు పొరలు వేసి కుట్టాడు. వాటిని ఆమె మామూలు రోజుల్లో తొడగలేదు. దూలం సందులో పెట్టి, ఏటా ఆషాఢంలో కిందికి దించి, ఆముదం రాసి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. తిరుపతయ్య మంద తోలుకుపోయే హడావుడిలో ఆ పని కళ్లారా చూసేవాడు. చూసి, చూడనట్టు గొంగడి దులుపుకునేవాడు.

ఒక ఏడు దసరా దాటాక ఇద్దరు పెద్దమనుషులు వాళ్ల ఇంటి ముందు దిగారు. ఒకాయన సూర్యాపేట వకీలు. రెండో ఆయన కోదాడలో బడిపంతులు, వకీలుకు బావమరిది. నెమలిగుట్టలు నడిచి చూడాలని వాళ్లకు సరదా పుట్టింది. మిర్యాలగూడ అంగడిలో వాకబు చేస్తే అందరూ తిరుపతయ్య పేరే చెప్పారట. ఆ మాటతో ఆయన ఛాతీ జానెడు పెరిగింది. మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"ఏ నెలలో వెళ్తే బావుంటుందండీ?" అని కోదాడ పంతులు అడిగాడు.

"ఇంక అడుగుడెందుకు దొరా, కార్తీకమే" అన్నాడు తిరుపతయ్య. "వానలు ఎనుకబడ్తయ్, వాగుల్ల నీళ్లు అద్దమోలె తేటగయితయ్. చలి ముదరది. బండలు ఎండి కాలు జారది. గడ్డి ముండ్లు గొర్లకు గుచ్చుకుంటయ్ గని మనిషికి బాధ లేదు. ఆడోళ్లు, పిల్లలు గూడ ఎక్కొచ్చు. దీపావళి నుంచి సంక్రాంతి దాక అంత సుకమైన కాలం ఇంకోటి లేదు."

చెప్పి తల తిప్పేసరికి గడపలో సత్తెమ్మ నిలబడి ఉంది, చేతిలో మజ్జిగ చెంబులతో. ఆమె ఎంతసేపటి నుంచి అక్కడ ఉందో ఆయనకు తెలియదు. ఆమె వచ్చి చెంబులు వాళ్ల చేతికి ఇచ్చి, లోపలికి వెళ్లిపోయింది. తిరుపతయ్యకు ఎవరో నడిబజారులో పంచె లాగినట్టయింది. వాళ్లను వెంటబెట్టుకుని ఆ కార్తీకంలోనే గుట్టలన్నీ తిప్పి చూపించాడు, ఏనుగుబండ ఎక్కించాడు. ముత్తయ్యతో సహా అందరూ మెచ్చుకున్నారు. తిరిగి ఇంటికొచ్చిన రోజు, ఆమె ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు దులుపుతుంది అని అన్నం ముందు తలవంచుకుని కూర్చున్నాడు. ఆమె అడగలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ అడగలేదు. ఆషాఢంలో చెప్పులు దించి ఆముదం రాయడం మాత్రం మానలేదు.

ఆ సిగ్గు ఒక్కటే అయితే కాలం మీద అరిగిపోయేదేమో. అంతకు మించింది నలభై ఎనిమిదిలో వచ్చింది.

ఆ ఏడు ఎవరికీ నిద్ర లేదు. తుపాకుల దండు ఊళ్ల మీద పడుతోందని, మగవాళ్లను కట్టేసి కొడుతున్నారని, మందలు తోలుకుపోతున్నారని రోజుకో వార్త. ఆ భయానికి కాపరులు గుట్టలకు పోవడానికి కూడా జంకి, ఊరి గట్ల మీదే అరకొరగా మేపుకుంటూ వచ్చారు. శ్రావణంలో ఒక సాయంత్రం, పక్క ఊరి మంద మొత్తం పోయిందని కబురొచ్చింది. రేపో మాపో మన ఊరే అన్నారు. ఉన్న మగవాళ్లంతా ఎటు వాళ్లు అటు జారుకున్నారు.

తిరుపతయ్య పొద్దు ఉండగానే మంద కదిలించాడు. గంటల్లో గుడ్డపేలికలు కుక్కి చప్పుడు రాకుండా చేశాడు. సన్నగా వాన పడుతోంది. సత్తెమ్మ జొన్నరొట్టెల మూటతో బయటికి వచ్చింది. ఆమె కాళ్లకు ఆ చెప్పులున్నాయి. దూలం మీద నుంచి దించి తొడుక్కుంది.

"నేను గూడ వస్త" అంది.

ఆయనకు ఆ క్షణాన మందే కనిపిస్తోంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు వచ్చిన మంద. "వానకాలం గుట్ట నీతోని కాదు. జారి పడితె నిన్నెవలు మోస్తరు? వాళ్లకు గావాల్సింది గొర్లు, మొగోళ్లు. నిన్నేమనరు. ఇల్లు సూసుకుంట ఉండు" అన్నాడు. అన్నప్పుడు అది అబద్ధమని ఆయన అనుకోలేదు. నిజమో కాదో ఆలోచించనూ లేదు. అదే తర్వాత ఆయనను తినేసింది.

ఆమె మూట చేతిలో పెట్టింది. అంతలో ఆ నెలలోనే పుట్టిన కుంటి గొర్రెపిల్ల ఒకటి బురదలో వెనకబడి అరిచింది. తిరుపతయ్య వెనక్కి వచ్చి, దాన్ని ఎత్తి భుజాన వేసుకుని, పైన గొంగడి కప్పి, మంద వెంట పడ్డాడు. వెనక్కి తిరిగి చూడలేదు. సత్తెమ్మ వాకిట్లో నిలబడి ఉందని తెలుసు, అందుకే చూడలేదు.

మర్నాడే ఊరి మీద పడ్డారు. మందలు దొరకని కోపంతో కొట్టాలు కాల్చారు, ఇండ్లు కాల్చారు, దొరికిన ముసలివాళ్లను కొట్టారు. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని జొన్నచేలల్లో పడి పరుగెత్తారు. సత్తెమ్మ కూడా పరుగెత్తింది. రేగడి బురద చెప్పులను పట్టేసింది. ఒకటి ఊడింది, దానికోసం వంగేలోగా రెండోది ఊడింది. వెనక అరుపులు వింటూ రెంటినీ అక్కడే వదిలేసింది. అన్నేళ్లు ఆముదం రాసి దాచుకున్న చెప్పులు ఆమె కాళ్లకు ఒక్క రోజు ఉన్నాయి. ఇల్లు కాలిపోయిందని చేలోంచే చూసింది. అటు నుంచి అటే, ఉత్తికాళ్లతో హాలియా దారి పట్టింది.

గుట్ట మీద తిరుపతయ్య దానికి రెండు రోజుల తర్వాత ఆమెను చూశాడు. పొద్దుగూకే వేళ. లోయలో మంద పడుకుని ఉంది. పై నుంచి ఎవరో దిగి వస్తుంటే, దండు మనుషులేమోనని కర్ర అందుకున్నాడు. దగ్గరికి వచ్చాక చూస్తే సత్తెమ్మ. చీర మోకాళ్ల దాకా బురద, పాదాలు చీలి నెత్తురు కారుతున్నాయి. ఎట్లా వచ్చావని అడగబోయి ఆగిపోయాడు. జంట మోదుగులు, ఎర్రమట్టి వాగు, ఎడమ చేతి వైపు ఎక్కుడు. తోవ చెప్పింది తనే కదా.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. రాయి మీద కూర్చుని ఆయన గొంగడి వైపు చూసింది. గొంగడి మడతలో కుంటి గొర్రెపిల్ల వెచ్చగా పడుకుని ఉంది.

"దీన్ని మోసుకొచ్చినవ్ గద" అంది. "గుట్టెక్కంగ బరువనిపియ్యలేదా?"

తిరుపతయ్య లేచి ముంత అందుకున్నాడు. గొర్రె పాలు పిండి ఇచ్చాడు, తాగింది. పసరు నూరి పాదాలకు కట్టాడు, కట్టనిచ్చింది. ఆ పాదాలు చేతుల్లోకి తీసుకున్నప్పుడు, ఏదన్నా అంటే బాగుండు, కర్ర తీసుకుని నాలుగు వేస్తే ఇంకా బాగుండు అనుకున్నాడు. ఆమె గొంగడి మీద ఒరిగి నిద్రపోయింది.

భాద్రపదంలో పోలీసు చర్య జరిగింది, సర్కారు మారింది, జనం ఊళ్లకు మళ్లారు. కాలిన గోడల మీద కొత్త కప్పు వేసుకున్నారు. చుట్టుపక్కల మందలన్నీ చెదిరిపోగా తిరుపతయ్య మంద ఒక్కటే ఒక్క పిల్ల కూడా తగ్గకుండా దిగివచ్చింది. ఇక చూడండి, ఊరంతా ఆయనను మొనగాడన్నారు. రచ్చ దగ్గర కూర్చోబెట్టి ఎట్లా తప్పించావో చెప్పమన్నారు. మునుపటి తిరుపతయ్య అయితే ఆ కథకు ఉప్పూ కారం అద్ది సంక్రాంతి దాకా లాగేవాడు. ఇప్పుడు ఎవరైనా మెచ్చుకుంటుంటే, ఆ మాట ఇంట్లోకి వినిపిస్తుందేమోనని ఆయన ప్రాణం గిలగిలలాడేది. "గొర్లను ఇడిసిపెట్టకుండ కాపాడినవ్" అని ఒకాయన ఇంటికొచ్చి మరీ అన్నాడు. సత్తెమ్మ పక్కనే బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగలేదు.

అప్పుడు ఆయనకు మిగిలిన ఊరట ఒక్కటే. ఎంత చేసినా, ఇల్లు తగలబడినప్పుడు ఆమె మోతెలో ఉన్న కూతురి దగ్గరికి పోలేదు. తనను వెతుక్కుంటూ, వానలో, రాళ్లలో, ఉత్తికాళ్లతో తన దగ్గరికే వచ్చింది. ఆమె మనసులో తానింకా ఉన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఏడాది గడిపాడు. సిగ్గు గొంతు దాకా వచ్చినప్పుడల్లా దాన్నే తలుచుకునేవాడు.

మరుసటి కార్తీకానికి ముందు దావీదు దగ్గరికి వెళ్లి, సత్తెమ్మకు చెప్పులు కుట్టమన్నాడు. దావీదు కొలతకని ఇంటికి వచ్చి, ఆమె పాదాన్ని మేకతోలు ముక్క మీద పెట్టించి చుట్టూ గీత గీస్తూ ఆగాడు. అరికాలి మీద వేలెడు మచ్చ.

"ఇదెట్ల కోసుకపాయె అక్కా?" అన్నాడు.

"నడిస్తె" అంది సత్తెమ్మ.

తిరుపతయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

చెప్పులు వచ్చాక, మంద చూసుకోమని ముత్తయ్యను అడిగాడు. ఎందుకంటే, దాచకుండా చెప్పాడు, మా ఆమెను గుట్ట చూపించడానికి తీసుకుపోతున్నానని. ముత్తయ్య తన అలవాటు కొద్దీ నవ్వాడు. పొగాకు నోట్లో వేసుకునే లోపల ఆ నవ్వు అయిపోయింది. మందకు నీళ్లు ఏ చెరువులో పెట్టాలని అడిగాడు. అంతే. దీనికోసమా ఇన్నేళ్లు ఆపాను అనుకుంటే తిరుపతయ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సత్తెమ్మను అడగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. "కార్తీకమొచ్చింది. మంచి కాలం. పోదమా?" అన్నాడు చివరికి, గోడ వైపు చూస్తూ. ఆమె సరేనంది.

ఆయన వకీలుకు చెప్పినట్టే ఉంది కాలం. వాగులో నీళ్లు తేటగా ఉన్నాయి. బండలు ఎండి ఉన్నాయి. ఎండ వెచ్చగా ఉంది కానీ చురుక్కుమనడం లేదు. తిరుపతయ్య అలవాటుగా ముందు నడుస్తూ, కంప అడ్డొస్తే తీసేస్తూ, ఇన్నేళ్ల బాకీ ఒక్క రోజులో తీర్చేయాలని చెట్టు చెట్టుకూ ఆగి పేరు చెప్పాడు. ఆమె వింటూ నడిచింది. కొత్త చెప్పులు ఎక్కడా కరవలేదు. ఏనుగుబండ దగ్గర పడుతున్నకొద్దీ ఆయన అడుగు వేగం పెంచాడు. ఆ బండ ఎక్కించి, కృష్ణను చూపిస్తే, ఆమె ముఖంలో ఆ పెళ్లినాటి వెలుగు ఒక్కసారి చూస్తే చాలనుకున్నాడు.

పైకి ఎక్కాక ఆయనే ముందు చెయ్యి చాపాడు. "అగో, కృష్ణ. గాడ తిరుగుతది సూడు."

సత్తెమ్మ నది వైపు చూడలేదు. బండకు ఒక పక్కన, నీడ పడే చోటికి, అది తెలిసిన చోటే అన్నట్టు వెళ్లి కూర్చుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే లోయ కనిపిస్తుంది. ఆ వానల్లో ఆయన మంద ఆపిన లోయ.

"సూసిన" అంది. "ఆ యేడు గీడనే కూసున్న."

తిరుపతయ్య చాపిన చెయ్యి దించాడు.

"పొద్దుగాల్నే ఒచ్చిన. కింద నువ్వు కనబడ్డవ్. ఆ కుంటి పిల్లకు లేతాకు తెంపి నోటికి అందిస్తున్నవ్. పొద్దుగూకెదాక గీడ కూసోని సూసిన."

"మరి పిలువకపోతివి" అన్నాడు.

"నీ తాన్కి రావద్దనుకున్న" అంది సత్తెమ్మ. గొంతులో కోపం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "మోతెకు పోదమని లేసిన. కాళ్లు అడుగెయ్యనియ్యలె. చెప్పులుంటె పోయేదాన్నే. లేవు గన్క నీ తాన్కి దిగొచ్చిన."

ఏడాదిగా ఆయన పట్టుకుని వేలాడుతున్న ఒక్క ఊరటా చేతిలోంచి జారిపోయింది. ఆమె తనకోసం రాలేదు. నడవలేక వచ్చింది. తిరుపతయ్య బండ మీద కూలబడి గొంగడిలో ముఖం పెట్టుకున్నాడు. ముత్తయ్యలు వందమంది చుట్టూ చేరి నవ్వినా ఆయనకు ఇంత సిగ్గు వేసేది కాదు. తప్పయిందని అనాలనుకున్నాడు. ఆ మాట నోటి దాకా వచ్చి, అంత చిన్న మాట ఆమె ముందు ఎట్లా పెట్టాలో తెలియక అక్కడే ఆగిపోయింది.

ఎండ వాలింది. కింద కృష్ణ మెరుస్తోంది, అది ఆయన ఇన్నేళ్లూ చెప్పినంత అందంగానే ఉంది. సత్తెమ్మ అప్పుడు దాన్ని చూసింది, తనివితీరా చూసింది. తర్వాత లేచి, విప్పి పక్కన పెట్టిన చెప్పులు తొడుక్కుని, పట్టీ గట్టిగా బిగించుకుంది.

ఇప్పుడామె కాళ్లకు చెప్పులున్నాయి. ఎటైనా పోగలదు. ఆ సంగతి తిరుపతయ్యకు ఆమె పట్టీ బిగిస్తుండగా తట్టింది. ఆమె దిగడం మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ గుట్టల మీద ముందు నడిచిన మనిషి, ఇప్పుడు ఆమె వెనక నడిచాడు. వాగు దగ్గర తోవ రెండుగా చీలుతుంది, ఒకటి ఇంటికి, ఒకటి మోతెకు. అక్కడ ఆమె ఆగి, చుట్టూ చూసింది. ఇంటి తోవ ఏదో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె ఎటు అడుగు వేస్తుందో చూస్తూ, గొంగడి చేతిలో పట్టుకుని, వెనకే నిలబడ్డాడు.